రేడియేటర్‌లో పసుపు

నాకు కోపం తొందరగా వస్తుందని మా ఆవిడ అంటుంది. అది అబద్ధమని నేను ఎంత గట్టిగా అరిచి చెప్పినా నమ్మదు. ఆ ఏడాది మాత్రం నా కోపమంతా కారు మీదే ఖర్చయింది కాబట్టి ఇల్లు కొంచెం ప్రశాంతంగానే ఉంది.

ఆ కారు మా బావమరిది వాడి వాడి, ఇక తనవల్ల కాదనుకున్నాక నాకు అంటగట్టింది. తెల్ల రంగు, గుంటూరు నంబరు. నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో కెమిస్ట్రీ చెబుతాను. తార్నాకలో మా ఇంటి నుంచి డిపార్ట్‌మెంటుకు హాయిగా నడిచి వెళ్ళొచ్చు. అయినా కారుండి నడవడమేమిటని నా పంతం. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకున్నాక క్లాసులు జరిగిన రోజులకంటే జరగని రోజులే ఎక్కువయ్యాయి. క్యాంపస్ రోడ్డు మీద ఏపీ 7 నంబరు ప్లేటు వేసుకుని వెళ్తుంటే వెనకనుంచి ఎవరో చూస్తున్నట్టే ఉండేది. నిజానికి ఎవరూ ఏమీ అనలేదు. ఎప్పుడంటారా అని ఎదురుచూడటమే ఇబ్బంది. ఒకరోజు మా ఆవిడ బెండకాయలు తరుగుతూ, "రేపెవరైనా మీ ఊరికి మీరు పొండి అంటే ఏం చేద్దామండీ?" అంది.

"ఇరవై ఏళ్ళనుంచీ ఇక్కడుంటున్నాం. మన ఊరేదో ముందు వాళ్ళనే చెప్పమను," అన్నాను. గట్టిగానే అన్నాను గానీ ఆ ప్రశ్న చాలా రోజులు నాలోనే తిరిగింది.

మా ఎదురింట్లో సిటీ బస్సు డ్రైవరు ఉండేవాడు. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి. ఇంట్లో ఆయన, ఆయన భార్య, తల్లి. మా వీధి ఎంత ఇరుకంటే మా అరుగు మీద కూర్చుని మాట్లాడితే వాళ్ళ అరుగు మీదివాళ్ళు జవాబు చెప్పొచ్చు. సాయంత్రాలు అదే పని. ఆయన రాష్ట్రం రావాలంటాడు, నేను కలిసుంటే పోయిందేముందంటాను. నీళ్ళు, ఉద్యోగాలు, ప్రాజెక్టులు అన్నీ అయ్యాక టీ వచ్చేది. "రాష్ట్రం వచ్చినంక నీ బండికి వీసా గావాలె సారూ," అనేవాడు. "నీ బస్సుకంటే నా బండే నయం, చెయ్యెత్తితే ఆగుతుంది," అనేవాణ్ణి.

పసుపు సలహా ఆయనదే. ఎండాకాలం మొదట్లో కారు కింద నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడటం మొదలైంది. బానెట్ ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని, రేడియేటర్‌ని కోపంగా చూస్తున్నాను. ఆయన డ్యూటీ దిగి వస్తూ ఆగి చూశాడు.

"పరేషాన్ గాకు సారూ. రెండు చెంచాల పసుపు ఎయ్యి. లారీలోళ్ళందరు గదే చేస్తరు. చిల్లు కాడికి పోయి అదే బంద్ జేస్తది."

నీళ్ళతోపాటు పసుపు పొడి కూడా తిరిగి, కారే చోట పేరుకుని పూడ్చేస్తుందన్నమాట. శాస్త్రం ప్రకారం కూడా సబబుగానే అనిపించింది. వేశాను. కారడం ఆగింది. వారం తర్వాత మళ్ళీ మొదలైంది, ఇంకో చెంచా. అలా అలవాటైపోయింది. మా ఆవిడ పోపుల పెట్టెలో పసుపు గిన్నె ఖాళీ అవుతోంది, నేనేమో తెలియనట్టు ఊరుకుంటున్నాను. రేడియేటర్‌లో పోసేది కూడా మామూలు బోరు నీళ్ళే. కూలెంట్ అనేదొకటి ఉంటుందని, పచ్చగా సీసాలో అమ్ముతారని తెలుసు గానీ, అది డబ్బున్న కార్లకని నా నమ్మకం.

ఇక అసలు సంగతి ఎదురింటి కోడలి పరీక్ష. ఆవిడ ఇంటర్‌తో చదువు మానేసి, పదిహేనేళ్ళ తర్వాత దూరవిద్యలో డిగ్రీ కట్టింది. అన్నీ పాసై, చరిత్ర పేపరొక్కటే మిగిలింది. అది బంద్‌ల మూలంగా రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ ఆవిడ తెల్లవారకముందే లేచి, తయారై, గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్ళింది. ఆ ఇంట్లో ఆ పరీక్ష గురించి ఆవిడకంటే ఎక్కువ ఆరాటపడేది అత్తగారు. పెద్దావిడకు అక్షరం ముక్క రాదు. అయినా కోడలు చదువుకోవాలని వంట తన నెత్తిన వేసుకుంది. హాల్‌టికెట్ ఎక్కడుందో కొడుకునడిగితే తెలియదు, కోడలు వెతుక్కుంటుంది, పెద్దావిడ మాత్రం బియ్యం డబ్బా మీది అరలో అని చెప్పేది.

మూడోసారి తేదీ వచ్చింది. సోమవారం పొద్దున, కాచిగూడలో సెంటరు. అప్పటికి బస్సుల సమ్మె నడుస్తోంది. సమ్మెలో ఎదురింటాయన ముందువరసలో ఉన్నాడు. పొద్దస్తమానం తార్నాక చౌరస్తాలో శిబిరంలో కూర్చుంటున్నాడు. ఊరందరి బస్సులు ఆపి కూర్చున్నవాడికి భార్యను పరీక్షకు తీసుకెళ్ళే దారి లేదు. ఆయనకు సొంత బండి లేదు. బస్సు నడిపేటోనికి బండెందుకని అన్నాళ్ళూ అంటూ వచ్చాడు. ఆటోలు దొరుకుతాయో లేదో తెలియదు. శుక్రవారం సాయంత్రం అరుగు మీద ఆయన టీ చల్లారబెట్టుకుని కూర్చుంటే నేనే అన్నాను, "నా కారుంది కదా, నేను దింపుతాను."

ఆ మాటకు పెద్దావిడ లోపలినుంచి వచ్చి నన్ను చూసి, "సల్లగుండు బిడ్డా," అంది. నాకు ఛాతీ కొంచెం పొంగింది.

శనివారం కారు వేసుకుని క్యాంపస్‌లో ఒక చుట్టు తిరిగొద్దామని వెళ్ళాను. సగం దూరం వెళ్ళేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి చేరింది. చెట్టు నీడన ఆపి, ముషీరాబాద్‌లో మా మెకానిక్‌కి ఫోన్ చేశాను. ఆయన షాపు మూసుకుని ఊరెళ్ళాడు. అంతా విని, "గొట్టం క్లిప్ వదులైంది సార్, స్క్రూడ్రైవర్‌తో బిగిస్తే అయిపోయేది. పసుపెందుకు పోసిన్రు? ఇప్పుడు రేడియేటర్ నిండ పసుపే ఉంటది," అన్నాడు. కెమిస్ట్రీలో డాక్టరేటున్న మనిషిని నోరు మూసుకుని విన్నాను. మందు కూడా ఆయనే చెప్పాడు. ఇంజను చల్లారాక నీళ్ళు వదిలెయ్యాలి. బట్టల సోడా కలిపిన వేణ్ణీళ్ళు పోసి, పది నిమిషాలు ఇంజను నడిపి, చల్లారాక అవీ వదలాలి. తర్వాత తేటనీళ్ళు వచ్చేదాకా కడగాలి. చివర కూలెంట్, బ్యాటరీలో పోసే శుద్ధి నీళ్ళు సగం సగం. ముల్లు దిగాక కారును మెల్లగా ఇంటికి చేర్చి, తార్నాకలో సగం షట్టర్ ఎత్తిన ఒక షాపులోకి వంగి దూరి, జీవితంలో మొదటిసారి కూలెంట్ సీసా కొన్నాను.

ఆదివారం పొద్దున లుంగీ ఎగ్గట్టి గేటు ముందు పని మొదలుపెట్టాను. ముందు క్లిప్ బిగించాను. అది రెండు నిమిషాల పని. నాలుగు నెలల పసుపు గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను. రేడియేటర్ అడుగున బిరడా విప్పితే చిక్కగా పసుపు నీళ్ళు వచ్చాయి. బిగించి సోడా నీళ్ళు పోసి ఇంజను నడిపాను. ఆపి, చల్లారేదాకా కాఫీ తాగి వచ్చి మళ్ళీ బిరడా విప్పాను.

ఈసారి ఎర్రగా వచ్చాయి.

అంతా ఇంతా ఎరుపు కాదు. బకెట్ ఒకటి పెట్టాను గానీ అది నిండి పొంగింది. మా వీధి వాలు ఎదురింటి వైపుకే. ఎర్రని నీళ్ళు ఒక పాయగా సాగి, సరిగ్గా వాళ్ళ గేటు ముందు మడుగు కట్టాయి. పసుపులో క్షారం పడితే ఎర్రబడుతుంది. బళ్ళో పిల్లలకు మొదట చూపించే ప్రయోగమే అది. ఏళ్ళ తరబడి పాఠం చెప్పినవాడికి సోడా కలిపేటప్పుడు ఒక్కసారైనా తట్టలేదు. నేను ఆ రంగును చూస్తూ ఆనందపడుతున్నాను కూడా, మురికంతా వదిలిందని.

పెద్దావిడ చాట పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. మడుగు చూసింది. చాట కింద పెట్టింది.

"గిదేంది సారూ? మా ఇంటి ముంగట ఎర్రనీళ్ళు ఎవలు పోసిన్రు?"

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు మనుషుల చుట్టూ తిప్పి, దిష్టి తీసి, బయట పారబోస్తారు. వాటిని ఎవరూ తొక్కరు. దాటరు. ఎవరి దిష్టో వాళ్ళకు చుట్టుకుంటుందని. తెల్లవారితే కోడలి పరీక్ష, ముందురోజు ఎదురింటి ఆంధ్రావాడు తన దిష్టినీళ్ళు తెచ్చి వాళ్ళ గుమ్మంలో పోశాడు. ఆవిడ కళ్ళకు కనిపించేది అంతే.

"అయ్యో అమ్మా, ఇవి కారు నీళ్ళు," అన్నాను.

"కారుల ఎర్రనీళ్ళెట్లుంటయి?"

నాలో మాస్టారు లేచాడు. రుజువు చేస్తానని ఇంట్లోకి పరుగెత్తి గాజు గ్లాసులో నీళ్ళు, చిటికెడు పసుపు, సోడా తెచ్చాను. ఆవిడ ముందు నిలబడి పసుపు నీళ్ళలో సోడా కలిపాను. ఎర్రగా మారింది. "చూశారా," అన్నాను విజయగర్వంతో.

ఆవిడ గ్లాసును చూసి, నన్ను చూసింది. "గిదే గదా బిడ్డా నేననేది. దిష్టినీళ్ళు గిట్లనే చేస్తరు. నువ్వే చేసి చూపిస్తివి."

"ఇది సున్నం కాదమ్మా, సోడా."

"సున్నమైతేంది, సోడా అయితేంది? ఎర్రగైందా లేదా?"

నా జీవితంలో ఇంత బాగా కుదిరిన ప్రయోగం ఇంకోటి లేదు. ఇంతగా నన్ను ముంచింది కూడా లేదు. పెద్దావిడ గేటుకు అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. కోడలు ఆ నీళ్ళు దాటదు, ఆ బండి ఎక్కదు అంది. కొడుకు శిబిరం నుంచి భోజనానికి వచ్చి, సంగతి విని, "అమ్మా, బండిల పసుపు ఎయ్యమన్నది నేనే," అన్నాడు. "నువ్వు పోయి జెండా పట్టుకొని కూసో," అంది ఆవిడ. కోడలు పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "నాకు గివన్ని నమ్మకం లేదు సారూ. కానీ అత్తమ్మ మనసు కష్టపెట్టి పోలేను. నేను చదువుతనంటే వద్దననిది ఆమె ఒక్కతే," అంది. ఆ క్షణంలో నాకు కోపం రాలేదు. భయమేసింది. మూడోసారి పరీక్ష పోతే అది బంద్ మూలంగా కాదు, నా మూలంగా.

ఇదంతా మా ఆవిడ లోపలినుంచి వింటూనే ఉంది. చెప్పులు మా గుమ్మంలో విడిచి, బయటికి వచ్చి, వీధి దాటింది. పక్కనుంచి కాదు, నేరుగా మడుగులోనుంచి. చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, ఎర్రనీళ్ళలో పాదాలు మునిగేలా నడిచి, పెద్దావిడ పీట పక్కన నేల మీద కూర్చుంది.

"గట్ల తొక్కినవేంది పిల్లా?" అంది పెద్దావిడ కంగారుగా.

"తగిలితే ముందు నాకే తగలనివ్వండి పెద్దమ్మా. మీ కోడలి పరీక్ష ఆగాలని మేమెందుకు కోరుకుంటాం?" అంది మా ఆవిడ. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "ఇంకో మాట చెప్పాలి. ఆ పసుపు కూడా మీదే. మా ఇంట్లోది అయిపోతే మీరు డబ్బాతో ఇచ్చారు చూడండి, ఊరినుంచి తెచ్చి దంచింది. అదే ఈయన చెంచాలు చెంచాలుగా కార్లో పోశారు. నాకు నిన్ననే తెలిసింది," అంది.

పెద్దావిడ మొహం మారిపోయింది. "నా పసుపు బండిల పోసిన్రా?"

నేను తల వంచుకున్నాను.

"కొమ్ములు ఉడకేసి, ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి ఇచ్చిన. కూరల ఏసుకోను ఇచ్చిన. బండిల పోసిండంట. సదువుకున్నోడు." కొడుకు వైపు తిరిగింది. "నువ్వు చెప్పినవంట. ఇద్దరు ఇద్దరే." ఆ తిట్లు ఓ పది నిమిషాలు సాగాయి. అన్నిటికీ మేమిద్దరం ఒకే వరసలో నిలబడి తలూపాం. తిట్లలో దిష్టి మాట ఎక్కడ జారిపోయిందో జారిపోయింది. తన చేత్తో దంచిన పసుపు తన ఇంటికి కీడు చేస్తుందని ఆవిడ అనుకోలేదు. ఆఖరికి లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి, మా ఆవిడ పాదాల మీద తనే పోసి ఎర్రటి మరకలు కడిగింది. పోస్తూ, నా వైపు చూడకుండానే, "పొద్దుగాల ఎన్నిటికి బయలెల్లాలె?" అంది.

మిగతా పని సాయంత్రం దాకా పట్టింది. ఎదురింటాయన శిబిరానికి సెలవు పెట్టి నా పక్కనే చేరాడు. ఇద్దరం తేటనీళ్ళు వచ్చేదాకా కడిగాం. పచ్చని కూలెంట్, బ్యాటరీ నీళ్ళు కొలిచి కలిపి పోశాం. లోపల చిక్కుకున్న గాలి పోవాలంటే మూత తెరిచి ఇంజను నడుపుతూ, కారులోపల హీటర్ పూర్తిగా పెట్టాలని మెకానిక్ చెప్పాడు. హైదరాబాద్‌లో కారు హీటర్ పెట్టినవాళ్ళం మేమే అయ్యుంటాం. మా బావమరిది కాలంనాటి దుమ్మంతా మా మొహాల మీదికి ఎగిరింది. ఇద్దరం లోపల కూర్చుని చెమటలు కక్కుతూ ముల్లును చూశాం. అది సగానికి వచ్చి అక్కడే నిలబడింది. బయట రేడియేటర్‌లో నాలుగు బుడగలు లేచి ఆగిపోయాయి. కొంచెం పోసి మూత బిగించాను.

"మీ ఆంధ్రోళ్ళకు ఓపిక మస్తున్నది," అన్నాడు ఆయన మొహం తుడుచుకుంటూ.

"మీ సలహాలు విని అలవాటైంది," అన్నాను.

సోమవారం పొద్దున ముగ్గురం బయలుదేరాం. ఆయన ముందు సీట్లో, ఆవిడ వెనక పుస్తకంతో. క్యాంపస్ మీదుగా విద్యానగర్ వైపు వెళ్దామనుకుంటే, సగం దారిలో విద్యార్థులు నిరసనగా రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. ముందు పది బండ్లు ఆగి, ఒక్కొక్కటే నత్తనడక నడుస్తున్నాయి. నాకు రోడ్డు కనిపించడం లేదు, ముల్లే కనిపిస్తోంది. సగం. సగం. సగానికి వెంట్రుకవాసి పైన. మళ్ళీ సగం. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి ముందు నంబరు ప్లేటు చూశారు, తర్వాత నన్ను చూశారు. ఎదురింటాయన ఏదో అనబోయేలోపే వెనక అద్దం దిగింది.

"తమ్మీ, నాకు పరీక్ష ఉన్నది. ఇది మూడోసారి," అని ఆవిడ హాల్‌టికెట్ చూపించింది.

ఒక కుర్రాడు దాన్ని తీసుకుని చదివాడు. "చరిత్రనా అక్కా? నిజాం పాలన చదివినవా? అది పక్కా వస్తది." రెండోవాడు అది కాదు, కాకతీయులు వస్తారన్నాడు. ఇద్దరూ అక్కడే వాదించుకున్నారు. ఆవిడ రెండూ చదివానంది. వాళ్ళు నవ్వి, పొయ్యి పక్కనుంచి మాకు దారి ఇప్పించారు. కారు వెళ్తుంటే ఒకడు బానెట్ మీద మెల్లగా తట్టాడు. నా నంబరు ప్లేటు గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆవిడ పది నిమిషాల ముందే సెంటర్లో ఉంది. మేమిద్దరం బయట ఒక చెట్టు కింద మూడు గంటలు నిలబడి, రాష్ట్రం గురించి పోట్లాడుకున్నాం. పరీక్ష అయ్యాక ఆవిడ నేరుగా కారు దగ్గరికి వచ్చింది. కార్లో కూర్చుని తలుపు వేసుకున్నాక, "రెండూ వచ్చినయి," అని మాత్రం అంది. భర్త ముందు సీట్లో కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు ముల్లును చూశాను.

తార్నాకలో మా వీధిలోకి తిరిగేసరికి పెద్దావిడ గేటు ముందు నిలబడి ఉంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ఎర్రనీళ్ళు. పక్కన మా ఆవిడ. కోడలు దిగగానే, "ఆగు. లోపలికి పోకు," అంది పెద్దావిడ. కొడుకును కూడా పక్కన నిలబెట్టింది. నేను కారు తాళం వేసుకుని మా ఇంటి వైపు వెళ్ళబోయాను.

"నువ్వెటు పోతున్నవు సారూ?"

"మీరు కానివ్వండమ్మా," అన్నాను.

"నీకు లేదా దిష్టి? అందరి కండ్లు నీ బండి మీదనే ఉండె. రా." నా చెయ్యి పట్టుకుని లాగి తన కొడుకు పక్కన నిలబెట్టింది. మా ఆవిడను కోడలి పక్కన నిలబెట్టింది. నేను ఇబ్బందిగా కాలు మార్చాను. ఆవిడ పళ్ళెం ఎత్తి పట్టుకుని నా వైపు కోపంగా చూసింది.

"గీడనే నిలబడు. కదలకు."

ఏడాదిగా నేను ఎవరో ఒకరి నోట పొమ్మనే మాట వినడానికి సిద్ధపడుతూ వచ్చాను. దానికి జవాబులు కూడా తయారుచేసుకున్నాను. కదలకు అనే మాట వింటానని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ మా నలుగురి చుట్టూ మూడుసార్లు పళ్ళెం తిప్పేదాకా, ఆ నీళ్ళు తీసుకెళ్ళి వీధి మధ్యలో నిన్నటి మరక మీదే పోసేదాకా, నేను కదలకుండా నిలబడ్డాను.